తెల్లోడి బిడ్డలు

మొన్న అమ్మకు కళ్లద్దాలు మార్పించడానికి మస్కట్‌లో ఒక పెద్ద బజారుకు తీసుకెళ్లాను. అద్దాలు బిగించడానికి గంట పడుతుందన్నారు. ఎక్కడో ఒకచోట కాలక్షేపం చేయాలి కదా అని పక్కనే ఉన్న పెంపుడు జంతువుల దుకాణంలోకి వెళ్లాం. చిలకలు, చేపలు, బొచ్చు పిల్లులు దాటుకుని వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగిపోయింది. గాజుపెట్టెలో చుట్ట చుట్టుకుని ఒక తెల్లటి పాము పడుకుని ఉంది. ఒంటి మీద లేత పసుపు పట్టీలు, ఎర్రటి కళ్లు. అద్దాలు లేని కళ్లను చిట్లించి, అమ్మ మొహం గాజుకు ఆనించి చూసింది. "ఇది మన తెల్లోడి జాతే కదా! ధర ఎంతని రాసినారో చదువు" అంది. చదివాను. "ఇది పెట్టెదా, పాముదా?" "పాముదేనమ్మా." "మరి పెట్టెదెంత?" పెట్టె ధర పాము కంటే ఎక్కువ. అమ్మ నా భుజం పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. దుకాణంలో పనిచేసే అమ్మాయి ఏమైందోనని మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నేను ఇరవై ఏళ్లకు పైగా మస్కట్‌లో ఒక బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. నాయన పోయాక అమ్మ ప్రొద్దుటూరులో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఏడాదికోసారి విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు నా దగ్గర ఉంటుంది. వంశపారంపర్యం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు పుస్తకంలో ఉన్నట్టే బఠాణీ మొక్కల గురించి చెబుతాను గానీ, నేను మాత్రం ఆ పాఠం బఠాణీల దగ్గర నేర్చుకోలేదు. ఇదే దేశంలో దక్షిణాన ఉన్న సలాలాలో, అరటితోట వెనక ఒక చిన్న గదిలో, ఐదో తరగతి వరకే చదివిన మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మా నాయన దస్తగిరి ఆ తోటకు సూపర్‌వైజరు. కొబ్బరి, అరటి, కొంచెం బొప్పాయి. తోట చివర రెండు గదుల ఇల్లు మాది. సలాలా గురించి తెలియనివాళ్లకు గల్ఫ్ అంటే ఎండా ఇసుకా గుర్తొస్తాయి. మాకు మాత్రం ఖరీఫ్, అంటే అక్కడి వానకాలం, గుర్తొస్తుంది. దేశమంతా ఉడికిపోయే నెలల్లో సలాలాలో తుంపర పడుతుంది. కొండలు పచ్చబడతాయి. మబ్బు కిందికి దిగి కొబ్బరి మట్టల్లో చిక్కుకుంటుంది. ఆ రోజుల్లో ఉతికిన బట్టలు మూడు దినాలకు గానీ ఆరేవి కావు. గోడలకు నెమ్ము వాసన, వాకిట్లో కుళ్లిన అరటిదొప్పల వాసన, సాయంత్రమయితే యజమాని ఇంటి నుంచి సాంబ్రాణి పొగ. అక్కడ దాన్ని లుబాన్ అంటారు. "మన ఊరి దర్గా వాసనే" అని అమ్మ ఆ పొగ వచ్చే వైపు తిరిగి కూర్చుని బియ్యం ఏరేది. నాయన తెల్లవారకముందే లేచి, శొంఠి దంచి వేసిన టీ పెద్ద గ్లాసుతో తాగి, తలకు తువ్వాలు చుట్టుకుని తోటలోకి పోయేవాడు. ఎనిమిదింటికి వచ్చి రాత్రి మిగిలిన అన్నంలో చింతకాయ తొక్కు కలుపుకుని తినేవాడు. ఊరు విడిచి ఎన్నేళ్లయినా ఆ తొక్కు లేకుండా ఆయనకు దినం మొదలయ్యేది కాదు.

యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్లు. ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లటి దిష్‌దాషా అనే నిలువుటంగీలో ఉండేవాడు. మాతో హిందీలో మాట్లాడేవాడు, మధ్యలో అరబ్బీ కలిపి. ఆయనకు ఒకటే పిచ్చి, కింగ్ స్నేక్‌లు. కింగ్ అన్నారు కదా అని మన రాజనాగు అనుకోకండి. ఇది వేరే జాతి. విషం లేదు, పడగా లేదు. మొలతాడంత పిల్లగా పుట్టి, పెద్దయితే మనిషి మణికట్టు మందాన నాలుగడుగులు పెరుగుతుంది. నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలు. తోటి పాముల్ని కూడా పట్టి మింగుతుంది కాబట్టి ఆ పేరు. అందుకే ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో పెట్టాలి. అర్బాబ్ మొదట యూరప్ నుంచి కాగితాలన్నీ సరిగ్గా రాయించి ఒక జత తెప్పించుకున్నాడు. తర్వాత ఇంకో జత వచ్చింది. వాటిని చూసుకోమని నాయనను అడిగితే, అంతకుముందు ఏ పనికీ కాదనని మనిషి చేతులు జోడించాడు. పాముల గది గడప నాయన ఎన్నడూ దాటలేదు. ఏదైనా చెప్పాలంటే వాకిట్లో నిలబడి దగ్గేవాడు. "నేను చూస్తాలే" అని అమ్మ అంది. అట్లా మొదలైంది.

పని ఎంత కష్టమో చేస్తే గానీ తెలియదు. పెట్టెల్లో కాగితాలు మార్చాలి, నీళ్ల గిన్నెలు కడగాలి. వేరే ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉన్న చిట్టెలుకల్ని వేడినీళ్లలో వేసి కరిగించి, తుడిచి, పటకారుతో పట్టుకుని అందించాలి. చలికాలం ఇంకో తంటా. ఆ పాములు చలిలో రెండు నెలలు తిండి మాని పడుకుంటే గానీ మళ్లీ జత కట్టవు. సలాలాలో అంత చలి ఎక్కడిది? అర్బాబ్ ఆ గదికి ఏసీ పెట్టించి శీతాకాలం తెప్పించాడు. "పాములకి ఏసీ, మనకి ఫ్యాను. మంచి రాతే" అని నాయన వాకిట్లో నుంచే నవ్వేవాడు. గుడ్లు పెట్టే కాలానికి మాత్రం సలాలాయే సాయం చేసేది. ఖరీఫ్‌లో ఆ గది గుడ్లకు కావాల్సినంత వెచ్చగా, కావాల్సినంత చెమ్మగా ఉండేది. తోలులాంటి మెత్తటి పెంకుతో ఉండే ఆ గుడ్లను అమ్మ తడి పొట్టులో సగం పూడ్చి, దినానికి రెండుసార్లు చూసి వచ్చేది.

ఒక పాముకు అంత ధర ఎందుకని అమ్మ ఒకసారి అర్బాబ్‌ను అడిగింది. ఆయనకు అంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. పెంపకంలో పుట్టింది కాబట్టి రోగాలుండవు, మనిషి చేతికి అలవాటు పడుతుంది, అది మొదటి ధర. ఆడదైతే గుడ్లు పెడుతుంది కాబట్టి ఎక్కువ. చిట్టెలుకను పేచీ పెట్టకుండా తినే పిల్లకు ఎక్కువ. బల్లి తప్ప వేరేది ముట్టననే పిల్లను ఎవరూ కొనరు. పట్టీ తీరుగా ఉంటే ఎక్కువ. అన్నిటికంటే పైన రంగు. ఆయన దగ్గరున్న తెల్ల మగపాము, మా అమ్మ మాటల్లో తెల్లోడు, అప్పట్లో చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదట. "మరి అందరి దగ్గరా అయితే?" అని అమ్మ అడిగింది. "తబ్ దామ్ ఖతమ్" అని అర్బాబ్ నవ్వాడు. అప్పుడిక ధర అయిపోయినట్టే.

అసలు విచిత్రం ఆ తెల్లోడి బిడ్డలది. తెల్ల తండ్రికీ మామూలు చారల తల్లికీ పుట్టిన పిల్లలు ఒక్కటీ తెల్లగా ఉండవు. అన్నీ నల్లటి ఒంటికి తెల్ల పట్టీలతోనే పుడతాయి. కానీ ఆ తెలుపు లోపల దాక్కుని ఉంటుంది. అట్లాంటి రెండింటిని పెద్దయ్యాక జత కడితే వాటి పిల్లల్లో కొన్ని తెల్లగా పుట్టొచ్చు. అందుకని తెల్లోడి బిడ్డకు మామూలు బిడ్డకంటే మూడింతల ధర. పక్కపక్కన పెడితే మాత్రం ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు. కొనేవాడికి కనపడేది ఒకటే పాము. డబ్బు ఇచ్చేది మాత్రం అమ్మేవాడి మాటకు.

ఆ ఏడాది రెండు ఈతల గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. తెల్లోడి బిడ్డలు ఏడు, మామూలు జతకు ఆరు. అమ్మకు అంకెలు గుర్తుండవు. తెల్లోడి బిడ్డలకు బీర, సొర, కాకర, దోస అని కూరగాయల పేర్లు పెట్టింది. మిగతా వాటికి జొన్న, కొర్ర, సజ్జ, సామ అని గింజల పేర్లు. మూతల మీద అంటించిన తెల్ల ప్లాస్టరు ముక్కల మీద తెలుగులోనే గుండ్రంగా రాసింది. అర్బాబ్ ఆ అక్షరాలను వేలితో తడిమి "జిలేబీ" అని మురిసిపోయేవాడు. అమ్ముడైన డబ్బులో ఒక వంతు అమ్మకు ఇస్తానన్నాడు. నేను పన్నెండో తరగతి ముగించి ఇంట్లో కూర్చున్నాను. ఆ వంతు నా కాలేజీకని అమ్మ ముందే తేల్చేసింది.

ఒక ఉదయం అమ్మా నాయనా బజారుకు పోయారు. పెట్టెలు కడిగే పని నాకు అప్పగించారు. అమ్మ పద్ధతి ఒకటుంది. ఒక పెట్టె తీసి, కడిగి, తుడిచి, పిల్లను మళ్లీ దాంట్లో వేశాకే రెండో పెట్టె ముట్టుకోవాలి. నాకు అంత ఓపిక ఎక్కడిది? పదమూడు పిల్లల్నీ పదమూడు ఐస్‌క్రీం డబ్బాల్లో వేసి, పెట్టెలూ మూతలూ ఒకేసారి కడిగి, ఏ డబ్బా ముందు ఆ పిల్ల పెట్టె మూత పెట్టి అరుగు మీద ఆరబెట్టాను. అంతలో ఇంట్లో ఫోన్ మోగింది. ప్రొద్దుటూరు నుంచి మా మామ. తిరుపతిలో బీఎస్సీ సీటు వచ్చిందట, నెలలోపల ఫీజు కట్టాలట. హాస్టల్ ఎట్లా ఉంటుంది, ఎవరితో పోవాలి అని ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. ఎగురుకుంటూ బయటికి వచ్చేసరికి గాలి లేచి ఉంది. మూతలన్నీ అరటిపాదుల్లో బురదలో పడి ఉన్నాయి. డబ్బాలను ఏ వరసలో పెట్టానో నాకు గుర్తు లేదు. గేటు దగ్గర నాయన పికప్ హారన్ వినపడింది. మూతలు తుడిచి, నాకు తోచినట్టు పెట్టేశాను.

నాలుగు దినాలు నోరు విప్పలేదు. తెల్లోడి బిడ్డలకోసం సూర్ అనే ఊరి నుంచి రిజ్వీ సాబ్ అనే ఇంజనీరు వారంలో రాబోతున్నాడు. ఎవరికి తెలుస్తుంది అని ఒకసారి అనుకునేదాన్ని. ఆయన మూడేళ్లు పెంచి, జత కట్టి, తెల్లపిల్ల కోసం ఎదురుచూసి, రాకపోతే అమ్మ పేరు తలుచుకుంటాడు కదా అని ఇంకోసారి అనిపించేది. చెబితే తిరుపతి పోతుంది. చెప్పకపోతే అన్నం దిగడం లేదు. కొత్త పెట్టె కొనుక్కోవాలి, దుప్పటి కొనుక్కోవాలి అని నాయన రోజూ ఒక వస్తువు పేరు చెప్పేవాడు.

ఐదో దినం తిండి పెట్టే రోజు. పటకారు పట్టుకుని అమ్మ పెట్టె దగ్గర వంగింది. నేను వేడినీళ్ల గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఏమే, ఈ బీరకి ఏమైంది? ఎన్నడూ వారం బతిమాలితే గానీ నోరు తెరవదు, ఈ పొద్దు చెయ్యి పెట్టేలోపల లాక్కున్న్యాది" అంది. తర్వాతి పెట్టె తీసింది. "జొన్న మొగం తిప్పుకున్న్యాది. ఇది తిండిపోతు కదే!"

గిన్నె కింద పెట్టి అక్కడే చతికిలబడ్డాను. ఏడుస్తూ అంతా చెప్పాను. అమ్మ మూత పెట్టింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని దినాలాయ?"

"నాలుగు."

"నాలుగు దినాలు ఇది కడుపులో పెట్టుకొని యెట్ల నిద్రపోయినావే?" అంది. తిడుతుందనుకున్నాను. సీటు పోయినా ఫరవాలేదు అని ఆ క్షణంలో నిజంగానే అనిపించింది.

అమ్మ లేచి ట్రంకుపెట్టె తెరిచింది. పుట్టిన పది దినాలకు ప్రతి పిల్లా మొదటి కుబుసం విడుస్తుంది. కొనేవాళ్లకు చూపడానికి వాటిని దాచమని అర్బాబ్ చెప్పి ఉన్నాడు. అమ్మ ఒక్కో కుబుసాన్ని ఒక్కో కవరులో పెట్టి పేరు రాసింది. కుబుసం మీద రంగు పోయినా పట్టీల గుర్తులు లేతగా మిగిలి ఉంటాయి. పట్టీల లెక్క ఒక పిల్లకున్నట్టు ఇంకో పిల్లకు ఉండదు. కిటికీ దగ్గర గుడ్డ పరిచి, నేను కుబుసాన్ని వెలుతురుకు ఎత్తి పట్టీలు లెక్కపెడితే, అమ్మ పిల్లను చేతి మీద పాకించుకుంటూ లెక్కపెట్టింది. ఒకదానికి మెడ దగ్గర పట్టీ తెగి ఉంది. ఇంకోదానికి తోక దగ్గర రెండు పట్టీలు కలిసిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం మాటే ఎత్తలేదు. సాయంత్రానికి పదకొండు తేలాయి. సొర, సామ మాత్రం తేలలేదు. ఆ రెండింటి కుబుసాలూ విడిచినప్పుడే ముక్కలు ముక్కలయి ఉన్నాయి. రెండింట్లో ఒకటి తెల్లోడి బిడ్డ, ఒకటి కాదు. ఏది ఏదో తెలియదు.

విషయం విని నాయన వాకిట్లోనే తువ్వాలు దులిపాడు. "పదకొండు సరిపోయినాయి కదా. ఇంగ ఆయప్పకి చెప్పల్నా?"

"రెండు సరిపోలేదు కదా" అంది అమ్మ.

మర్నాడు పొద్దున అర్బాబ్‌కు అమ్మే చెప్పింది. నేను అమ్మ వెనక నిలబడ్డాను. ఆయన నా వైపు చూసి "యా బింత్!" అన్నాడు, ఓ పిల్లా అని. అంతే. టీ తాగకుండా వెళ్లిపోయాడు. రెండు దినాలు తోటవైపు రాలేదు. నాయన ఉద్యోగం గురించి ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు గానీ, ఆ రెండు దినాలు నాయన శొంఠి టీ సగం గ్లాసుతో వదిలేశాడు. మూడో దినం అర్బాబ్ వచ్చి, రిజ్వీ సాబ్‌కు తనే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పానని అన్నాడు. "ఆతా హై బోలా. క్యా కరేగా, మాలూమ్ నై." వస్తానన్నాడట, వచ్చి ఏం చేస్తాడో తెలియదట.

రిజ్వీ సాబ్ లక్నో వైపు మనిషి. సన్నగా, మర్యాదగా ఉండేవాడు. సూర్ నుంచి రోజంతా బండి నడుపుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే పాముల గదిలో కూర్చుని, భూతద్దం తీసి కుబుసాలన్నీ ముందర వేయమన్నాడు. ఒక్కో పిల్లనూ ఒక్కో కుబుసంతో తనే సరిచూశాడు. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి మెడ నొప్పెట్టి భూతద్దం పక్కన పెట్టేశాడు. "బస్. యే ఛే పక్కే హైఁ." ఆరు తెల్లోడి బిడ్డలకు మాట ఇచ్చినంత ధరే ఇస్తానన్నాడు. సొర, సామ వద్దన్నాడు. అర్బాబ్ తల ఊపాడు. ఏడోదాని ధర పోయింది, ఇక అమ్మ వంతు నా ఫీజుకు చాలదని లెక్క వేసుకుంటూ తలుపు పక్కన నేను నిలబడి ఉన్నాను.

అప్పుడు గది మూల నుంచి అమ్మ గొంతు వినపడింది. అర్బాబ్ తప్ప వేరే పరాయి మగవాళ్ల ఎదుట ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. వచ్చీరాని హిందీలో, "సాబ్, దోనో లేలో. ఏక్ కా పైసా దేవ్. దోనో మే ఏక్ తో పక్కా తెల్లోడి బిడ్డ హై" అంది, రెండూ తీసుకుని ఒకదాని డబ్బే ఇమ్మని.

రిజ్వీ సాబ్ ముందు ఆ "తెల్లోడి బిడ్డ" ఏమిటని అర్బాబ్‌ను అడిగాడు. తెలిశాక ఆలోచనలో పడ్డాడు. రెండింటినీ పెంచితే ఒకటి ఖాయంగా తనకు కావాల్సిందే. ఒకదాని తిండి ఖర్చు ఎక్కువ, అంతే. పది నిమిషాలు ఆ రెండు పిల్లల్నీ చేతుల మీద పాకించుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అర్బాబ్ వైపు చూసి నవ్వాడు. "మంజూర్." అర్బాబ్ కూడా నవ్వాడు. పోయింది ఒక మామూలు పిల్ల ధర. "మేరా సామ గయా" అని గుండె మీద చేయి పెట్టుకుని ఏడుస్తున్నట్టు నటించాడు. వాకిట్లో నాయన దగ్గు వినపడింది. ఏమైందో లోపలికి వచ్చి అడగలేక దగ్గుతున్నాడు. నేను బయటికి పరుగెత్తి ఆయన నడుము పట్టుకుని చెప్పేశాను. అంత ఊపిరి నేను జీవితంలో ఇంకెప్పుడూ వదల్లేదు. పరీక్షలు పాసైనప్పుడు కాదు, ఉద్యోగం వచ్చినప్పుడు కాదు.

ఆ రెండింట్లో ఏది తెల్లోడి బిడ్డో తర్వాత తెలిసిందా అని ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లలు అడుగుతారు. తెలియలేదు. రిజ్వీ సాబ్ ఉద్యోగం మారి వేరే దేశం పోయాడని విన్నాం. నేను తిరుపతిలో ఉండగానే అర్బాబ్‌కు ఒంట్లో బాగా లేక పాములన్నీ ఎవరికో ఇచ్చేశాడు. అమ్మా నాయనా ప్రొద్దుటూరు వచ్చేశారు. ఇప్పుడు చిటికెడు కుబుసం కవరులో పెట్టి ల్యాబుకు పంపితే లోపల ఏ రంగు దాగి ఉందో చెప్పే పరీక్షలు వస్తున్నాయని చదివాను. మంచిదే. ఎవరి మాటా ఎవరూ నమ్మాల్సిన పని లేదు, నాలాంటి పిల్లకు నాలుగు దినాలు అన్నం మానాల్సిన అవసరమూ లేదు. తెల్లపాములు ఊరికొకటి అయ్యాయి, అర్బాబ్ చెప్పినట్టే ధర పోయింది. అయినా, సరిచూసుకునే ఏ మార్గమూ లేనిచోట ఒక మనిషి మాటకు మూడింతల ధర పలికిన రోజుల్ని చూశానన్న గర్వం నాకు కొంచెం ఉంది. ఆ రోజులు మళ్లీ రావాలని మాత్రం నేను కోరుకోను.

కొత్త అద్దాలు వచ్చిన రెండో దినం పొద్దున అమ్మ మా వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట ఎందుకో అప్పుడు అడిగాను.

"నీకు భయం వేసేది కాదామ్మా, ఆ పాములంటే?"

"వెయ్యకుండా యెట్లుంటాదే?" అంది అమ్మ, తల ఎత్తకుండానే. "దినామూ వేసేది. మూత తీసే ముందర బిస్మిల్లా అనుకొని కండ్లు మూసుకొనేదాన్ని."

నేను నమ్మలేకపోయాను. "మరి ఎన్నడూ చెప్పలేదే?"

"మీ నాయన వాకిట్లో నిలబడి చెప్పుకున్న్యాడు కదా భయమని. ఇద్దరమూ చెప్పుకుంటే ఇంగ చేసేదెవరు?" ఒక కాయను విరిచి, పురుగు ఉందేమోనని కొత్త అద్దాల్లోంచి చూసి గిన్నెలో వేసింది. "సలాలాలో ఇమానం ఎక్కినపొద్దు మీ నాయన ఏడ్చినాడు, తోట విడిచిపెట్టి పోతాండామని. నేనూ ఏడ్చినా. నేనూ తోట కోసమే ఏడుస్తాండానని ఆయప్ప అనుకున్న్యాడు. నేను ఏడ్చింది, రేప్పొద్దున ఆ మూతలు తీసే పని లేదు కదా, దేవుడా, అని."

చెప్పి తనే నవ్వింది. గిన్నె నా వైపు జరిపి, ఈనెలు సరిగ్గా తీయమంది.